‘ఇంతకీ దెయ్యం ఏది?’ అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి? (పాత హారర్ పిచ్చి ఉన్నవాళ్లందరూ రండి)

నిశిరాత్రి
పాత హారర్ సినిమా ఎవరికి చూపించినా చివర్లో ఒకటే మాట వినిపిస్తోంది: ‘ఇంతకీ దెయ్యం ఏది?’ ఈమధ్య కొందరికి ‘ది హాంటింగ్’ వేసి చూపించాను. రాబర్ట్ వైజ్ 1963లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. అందులో తలుపు ఉబ్బే సీన్ వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మందపాటి చెక్క తలుపు. అవతల నుంచి ఏదో ఒత్తుతోంది. తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. అవతల ఉన్నదేమిటో సినిమా అయిపోయేదాకా చూపించరు. నాతో చూస్తున్నవాళ్లు అప్పటికే ఫోన్లు తీశారు. ‘డబ్బుల్లేక చూపించలేదు, దాన్ని నువ్వు కళ అంటున్నావు’ అని ఒకరు తేల్చేశారు.

ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. చూపించకపోవడమే ఆ సినిమాల బలం అని నా నమ్మకం. తెర మీద బొమ్మ ఎంత భయంకరంగా ఉన్నా దానికో ఎత్తు, వెడల్పు ఉంటాయి. కాసేపటికి కళ్లు అలవాటు పడిపోతాయి. తలుపు అవతల ఉన్నదానికి ఆ కొలతలేవీ ఉండవు. మీరేమంటారు? దాచడం నిజంగానే గొప్పా, లేక చేతకానితనానికి మనం పెట్టుకున్న ముద్దుపేరా?

గబ్బిలం_రెక్క
ఫోన్లు తీసేవాళ్లకి హారర్ చూపించడమే అసలు హారర్.

పాతరీలు
@నిశిరాత్రి డబ్బుల్లేక అనే మాటలో సగం నిజముంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1942లో ఆర్‌కేఓ స్టూడియో వాల్ లూటన్ అనే నిర్మాతకి హారర్ సినిమాల విభాగం అప్పగించింది. ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు దాటకూడదు, పేరు మేమే పెడతాం, దానికి తగ్గ కథ మీరు అల్లుకోండి అన్నారు. మొదట వచ్చిన పేరు ‘క్యాట్ పీపుల్’. ఆ పేరు ఇస్తే ఎవరైనా నలుగురికి పిల్లి మొహాలు తగిలించి చుట్టేస్తారు. లూటన్, దర్శకుడు జాక్ టర్నర్ కలిసి దాదాపు మొత్తం నీడలతోనే నడిపించారు. ఈతకొలను సీన్ చూడండి. నీళ్లలో ఒక అమ్మాయి, గోడల మీద కదిలే నీటి వెలుగు, ఎక్కడి నుంచో ఒక గుర్రుమనే శబ్దం. అంతే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. రాబర్ట్ వైజ్ దర్శకుడైంది ఆ లూటన్ దగ్గరే. 1963 నాటికి ఆయన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి ఆస్కార్ కూడా అందుకున్నాడు. అలాంటి మనిషి కావాలనుకుంటే ఒక దెయ్యం బొమ్మ చేయించుకోలేడా? కావాలనే వద్దనుకున్నాడు. లూటన్‌కి అది గత్యంతరం లేక పట్టిన దారి. వైజ్ అదే దారిని కోరి ఎంచుకున్నాడు.

గబ్బిలం_రెక్క
బస్సు గురించి చెప్పకుండా ‘క్యాట్ పీపుల్’ ముగిస్తే ఒప్పుకోను.

పాతరీలు
చెప్తున్నా, ఆగండి. రాత్రి పూట ఒక అమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల ఇంకో ఆడమనిషి చెప్పుల చప్పుడు. టక టక టక. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. అమ్మాయి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నడక వేగం పెరుగుతుంది. ఏదో మీద పడబోతోందని మనం కుర్చీ అంచుకి వచ్చేశాక బుస్సుమని ఒక శబ్దం, ఫ్రేములోకి బస్సు దూసుకొస్తుంది! మృగం గుర్రుమన్నట్టే వినిపిస్తుంది ఆ బస్సు బ్రేకు. ఎడిటర్ మార్క్ రాబ్సన్ పనితనం. భయపెట్టి తీరా చూస్తే ఏమీ లేదనిపించే ఈ ఎత్తుగడని సినిమావాళ్లు ఇప్పటికీ ‘లూటన్ బస్’ అనే పిలుస్తారు.

మొహమాటంలేదు
అంటే ఇవాళ ప్రతి సినిమాలో బీరువా తెరవగానే పిల్లి దూకి ఢాం అనే మ్యూజిక్ వస్తుందే, దానికి మూలపురుషుడు మీ లూటనే. మరి జంప్ స్కేర్లు చవకబారువని ఈ వేదికలో తిట్టేది కూడా మీరే కదా.

పాతరీలు
బస్సుకి ముందున్న నడక చూడండి. మ్యూజిక్ లేదు, మాటలు లేవు, చెప్పుల చప్పుడొక్కటే. టెన్షన్ అంతా అక్కడ కట్టారు. బస్సు దాన్ని వదిలించింది. ఇప్పటివాళ్లు నడక తీసేసి బస్సు ఒక్కటే ఉంచుకున్నారు. జంప్ స్కేర్ మీద నాకు పగ లేదు, ముందు పని ఎగ్గొట్టేవాళ్ల మీద ఉంది.

బొమ్మలపిచ్చి
నేను పూర్తిగా అవతలి గట్టు. దాచడమే గొప్ప అనే మాట విని విని విసుగొచ్చింది.

జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ (1982) తీసుకోండి. దాచింది ఏముంది అందులో? కుక్క ముఖం పువ్వు విచ్చుకున్నట్టు చీలుతుంది. మనిషి తల మెడ నుంచి సాగి తెగి కింద పడి, దానికి సాలీడు కాళ్లు మొలిచి నడుచుకుంటూ పోతుంది. లైట్లు వేసి మరీ చూపించారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఊసే లేని రోజుల్లో రబ్బరు, జిగురు, కేబుళ్లు, మోటార్లతో చేశారు ఇదంతా. రాబ్ బోటిన్ ఆ పని ఒప్పుకునేనాటికి ఇరవై రెండేళ్ల కుర్రాడు. పగలూ రాత్రీ పనిచేసి చివరికి అలసటతో ఆసుపత్రిలో చేరాడు. కుక్కల బోను సీన్‌కి మాత్రం స్టాన్ విన్‌స్టన్ సాయం పట్టాడు.

గుండెకి షాక్ ఇచ్చే సీన్ ఎలా తీశారో తెలుసా? పడుకున్న మనిషి ఛాతీ నోరులా తెరుచుకుని డాక్టర్ చేతులు రెండూ కొరికేస్తుంది. దానికోసం నిజంగానే రెండు చేతులూ లేని వ్యక్తిని తీసుకొచ్చి, నకిలీ చేతులు అతికించి, డాక్టర్ పాత్రధారి పోలికతో మాస్క్ వేశారు. తెర మీద అది ఒక్క క్షణం. ఆ క్షణం కోసం అంత ఆలోచించారు. దీన్ని కళ కాదంటే నేను ఒప్పుకోను. చూపించడం తేలిక అనుకుంటారు గానీ, చూపించి నమ్మించడం దాచడం కన్నా కష్టం.

నిశిరాత్రి
@బొమ్మలపిచ్చి ఆ పనితనానికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆ సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే సీన్ ఏది? రక్త పరీక్ష. మనిషి రూపంలో కలిసిపోయిన రాక్షసి ఎవరో తేల్చడానికి హీరో అందరినీ కట్టేసి, ఒక్కొక్కరి రక్తం గాజు పళ్లెంలో పోసి, కాల్చిన తీగ ముంచుతాడు. ‘సుయ్’మంటుంది, ఏమీ జరగదు. ఇంకొకరిది. ఏమీ జరగదు. చెమటలు పట్టించేది అదే కదా! ఆ సేపంతా రాక్షసి కనిపించదు.

బొమ్మలపిచ్చి
ముందు చూపించారు కాబట్టే అక్కడ చెమటలు పట్టాయి. కుక్క సీన్, ఛాతీ సీన్ లేకుండా నేరుగా రక్త పరీక్ష పెట్టండి, నలుగురు మగాళ్లు కుర్చీల్లో కూర్చున్న సీన్ అవుతుంది. బయటపడితే ఏం జరుగుతుందో మనకి తెలుసు. ఆ తెలియడమే భయం.

సౌండు_సుబ్బు
@బొమ్మలపిచ్చి ఈ పాయింట్ బాగుంది. ఇది నేను దాచుకుంటాను.

అర్ధరాత్రి_ఆట
ఇంత గొప్పగా చెప్పుకుంటున్న ‘ది థింగ్’ విడుదలైనప్పుడు ఫ్లాప్ అని కూడా చెప్పండి. 1982 జూన్ 25న వచ్చింది. రెండు వారాల ముందే ‘ఈటీ’ వచ్చి జనమంతా ముద్దొచ్చే గ్రహాంతరవాసి మాయలో ఉన్నారు. సరిగ్గా అదే రోజు ‘బ్లేడ్ రన్నర్’ కూడా విడుదలైంది, అదీ పోయింది. విమర్శకులు ‘అసహ్యం’ అని రాశారు. వీడియో క్యాసెట్లు, టీవీ పుణ్యమా అని తర్వాత జనం వెతుక్కుని చూశారు. ఇవాళ కల్ట్ అంటే మొదట గుర్తొచ్చే పేర్లలో ఆ రెండూ ఉంటాయి. ఒకే రోజు పోయి, రెండూ బతికాయి.

కొత్తగా_వచ్చా
మధ్యలో దూరుతున్నా. ఇక్కడి చర్చలు చదివి ‘డ్రాక్యులా’ 1931ది చూశాను. బేలా లుగోసీ కళ్లు బాగున్నాయి కానీ సగం నుంచి నిద్రొచ్చింది. అందరూ నాటకంలోలా నిలబడి మాట్లాడుతున్నారు. నేనేమైనా మిస్ అవుతున్నానా?

మొహమాటంలేదు
ఏమీ మిస్ అవలేదు. కోటలో మొదటి భాగం అద్భుతం, లండన్ వచ్చాక చప్పబడిపోతుంది. పాతదల్లా బంగారం అనుకోకండి. అప్పట్లోనూ బోలెడు చెత్త వచ్చింది, అది ఎవరూ దాచుకోలేదు కాబట్టి మనకి కనిపించదు.

పాతరీలు
అసలు ముచ్చట వినండి. అప్పట్లో డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు కాబట్టి యూనివర్సల్ వాళ్లు స్పానిష్ ప్రేక్షకుల కోసం వేరే నటులతో వేరే సినిమా తీసేవారు. పగలు లుగోసీ బృందం షూటింగ్ చేసుకుని వెళ్లాక, రాత్రి అవే సెట్లలో స్పానిష్ బృందం దిగేది. దర్శకుడు జార్జ్ మెల్ఫోర్డ్. ఆ స్పానిష్ ‘డ్రాక్యులా’లో కెమెరా చక్కగా కదులుతుంది, నిడివి కూడా ఎక్కువ. లుగోసీ లాంటి నటుడు లేడు, అదొక్కటే లోటు. @కొత్తగా_వచ్చా రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, నిద్ర రాదు.

సౌండు_సుబ్బు
1931 ‘డ్రాక్యులా’ నిద్ర తెప్పించడానికి ఇంకో కారణం మీకెవరికీ తట్టలేదు. అందులో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. టైటిల్స్‌లో ‘స్వాన్ లేక్’ ముక్క ఒకటి, నాటకశాల సీన్‌లో కొంచెం, అంతే. టాకీలు వచ్చిన కొత్త. సీన్‌లో వాయించేవాడు కనిపించకుండా సంగీతం ఎక్కడి నుంచి వస్తోందని జనం అడుగుతారేమోనని భయపడేవాళ్లట. చాలా ఏళ్ల తర్వాత ఫిలిప్ గ్లాస్ దానికి స్కోర్ రాశాడు, అది పెట్టుకుని చూస్తే వేరే సినిమా.

ఇక అసలు చర్చకి వస్తాను. చూపించాలా దాచాలా అని కొట్టుకుంటున్నారు గానీ హారర్ సగం చెవితో చూసేది. ‘సైకో’ (1960) బాత్‌రూమ్ సీన్‌కి హిచ్‌కాక్ మొదట మ్యూజిక్ వద్దన్నాడు. నీళ్ల చప్పుడు, అరుపు చాలన్నాడు. బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోకుండా రాసి వినిపించాడు. హిచ్‌కాక్ వెంటనే ఒప్పుకున్నాడు. ఆ సినిమా మొత్తం స్కోర్‌లో డ్రమ్ములు లేవు, బాకాలు లేవు, వయొలిన్ కుటుంబం వాయిద్యాలు మాత్రమే. వయొలిన్‌తో కూడా కత్తిపోట్లు వినిపించొచ్చని అంతకుముందు ఎవరనుకున్నారు?

‘హాలోవీన్’ (1978) ఇంకా విచిత్రం. కార్పెంటరే స్వయంగా వాయించాడు. ఐదు మాత్రల తాళం. మన చెవి నాలుగుకి అలవాటు పడి ఉంటుంది కదా, ప్రతి ఆవర్తనంలో ఒక మాత్ర మిగిలిపోయి స్థిమితం ఉండదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆ తాళం నేర్పించాడట, ఆయన సంగీతం మాస్టారు. మ్యూజిక్ కలపకముందు ఒక స్టూడియో అధికారికి చూపిస్తే భయం వేయలేదని చెప్పిందట. కార్పెంటర్ స్వయంగా రాసుకున్న సంగతి ఇది.

గబ్బిలం_రెక్క
ఖండ చాపు తాళంలో హత్యలు. సుబ్బు గారూ, మీ మీద గౌరవం పెరిగింది.

సౌండు_సుబ్బు
‘ది ఎక్సార్సిస్ట్’ (1973) మర్చిపోయాను. పాపని పట్టిన దెయ్యం గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే నటిది. ఆస్కార్ గెలిచిన నటి. ఆ గొంతు తీసేసి చూడండి, మంచం మీద మేకప్ వేసుకున్న చిన్నపిల్ల మిగులుతుంది.

బొమ్మలపిచ్చి
డిక్ స్మిత్ మేకప్‌ని అంత తేలిగ్గా తీసిపారేయకండి! ముసలి ఫాదర్‌గా వేసిన మాక్స్ వాన్ సిడోకి అప్పటికి నలభై నాలుగేళ్లు. జనం ఆయన నిజంగానే డెబ్బై దాటినవాడు అనుకున్నారు. ఆ గదిలో నోట్లోంచి ఆవిరి వస్తుంది చూశారా, అది ట్రిక్ కూడా కాదు. సెట్ మొత్తాన్ని ఏసీలు పెట్టి గడ్డకట్టించారు, పాపం పల్చటి నైట్‌డ్రెస్‌లో లిండా బ్లెయిర్ వణికింది.

శ్రావణి_ఫ్రేమ్స్
@నిశిరాత్రి మీవాళ్లకి ఎలా చూపించారు? లైట్లు వేసి ఉన్నాయా? టీవీలో బ్రైట్‌నెస్ పెంచారా? ఇది చిన్న విషయం అనుకోకండి. ‘ది హాంటింగ్’, ‘ది ఇన్నోసెంట్స్’, ‘హాలోవీన్’ మూడూ వెడల్పు తెర కోసం తీసినవి. పాత టీవీ ప్రింట్లలో రెండు పక్కలా కోసేసి చదరం చేశారు. ‘హాలోవీన్’లో మాస్క్ వాడు ఎప్పుడూ ఫ్రేము అంచునే ఉంటాడు, మధ్యలో అమ్మాయి మామూలుగా తన పని చేసుకుంటుంటుంది. అంచు కోసేస్తే హంతకుడినే కోసేసినట్టు!

‘ది ఇన్నోసెంట్స్’ (1961) గురించి ఇంకొంచెం. జాక్ క్లేటన్ దర్శకుడు, కెమెరా ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. మధ్యలో కొవ్వొత్తి వెలుగు, చుట్టూ చిక్కటి నలుపు కావాలని ఫిల్టర్ల అంచులకి చేత్తో రంగు పూశాడాయన. సినిమా మొదలవగానే చాలాసేపు తెర నల్లగా ఉండి ఒక చిన్నపిల్ల పాట మాత్రం వినిపిస్తుంది. కానీ నన్ను వణికించిన సీన్ చీకట్లోది కాదు. పట్టపగలు. చెరువు అవతల రెల్లు మధ్య నల్ల బట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. దూరంగా. కదలదు. అంతే. అరుపు లేదు. దెయ్యాన్ని చూపించారు మరి! కాబట్టి చూపించాలా వద్దా అనే గీత కూడా సరిగ్గా లేదు. ఎంత దూరంలో, ఎంతసేపు చూపించారన్నదే లెక్క.

నిశిరాత్రి
ఆహా. @శ్రావణి_ఫ్రేమ్స్ ఆ రెల్లు సీన్! దాని గురించి మాట్లాడే మనిషి దొరకడమే అదృష్టం. అయితే చూడండి, ముఖం కనిపించదు ఆమెకి. అదీ దాచడమే.

శ్రావణి_ఫ్రేమ్స్
మీరు గెలవాలని పట్టుపట్టారు :)

తూర్పుగాలి
అందరూ ఇంగ్లిష్ సినిమాల చుట్టే తిరుగుతున్నారు. మసాకి కొబయాషి ‘క్వైదాన్’ (1964) చూసినవాళ్లు ఉన్నారా? మూడు గంటల సినిమా, నాలుగు కథలు. సెట్లన్నీ లోపల వేసుకుని ఆకాశం కూడా రంగులతో గీయించుకున్నాడు. మంచు కథలో ఆకాశం నిండా కళ్లు ఉంటాయి, మనల్నే చూస్తుంటాయి. ఇంకో కథలో గుడ్డి గాయకుడిని దెయ్యాల నుంచి కాపాడాలని ఒళ్లంతా మంత్రాక్షరాలు రాస్తారు. చెవులు మర్చిపోతారు. దెయ్యానికి ఆ రెండు చెవులు మాత్రమే కనిపిస్తాయి. తర్వాత ఏమవుతుందో చెప్పను.

@సౌండు_సుబ్బు మీకోసం: సంగీతం తోరు తకెమిత్సు. ఒక సీన్‌లో మనిషి విరిగిన ఇంట్లో పరిగెడుతుంటే అడుగుల చప్పుడు ఉండదు, కట్టె పగిలే శబ్దాలు మాత్రం ఎక్కడో వినిపిస్తాయి. చూసేదీ వినేదీ కలవవు. కడుపులో తిప్పుతుంది.

సౌండు_సుబ్బు
రాసుకున్నా. ఈ రాత్రే.

కెమెరాకన్ను
@తూర్పుగాలి ‘రింగు’ (1998) కూడా జపాన్‌దే. సదాకో అనే దెయ్యం టీవీలోంచి బయటికొచ్చి నడిచే నడక గుర్తుందా? నటిని వెనక్కి నడిపించి, ఆ షాట్‌ని తిరగేసి వేశారు. అందుకే ఒళ్లు ఎక్కడో తప్పుగా కదులుతున్నట్టు అనిపిస్తుంది, ఏం తప్పో పట్టుకోలేం. గ్రాఫిక్స్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

డబ్బుల్లేని కెమెరా అంటే ‘ది ఈవిల్ డెడ్’ (1981) చెప్పుకోవాలి. అడవిలో కనిపించని దుష్టశక్తి పరిగెత్తి వస్తుంటుంది కదా, ఆ చూపు తీయడానికి సామ్ రైమీ దగ్గర సరైన పరికరాలు లేవు. కెమెరాని ఒక చెక్కకి బిగించి, చెరో చివర పట్టుకుని ఇద్దరు అడవిలో పరిగెత్తారు. దెయ్యం కనిపించదు, మనమే దెయ్యం అయిపోతాం. మన దగ్గర రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో కెమెరా తిరిగే తీరు చూస్తే నాకు ఆ ఊపు కనిపిస్తుంది. రేవతి నటన సరే, ఆ కెమెరాకి వేరే పారితోషికం ఇవ్వాలి.

గబ్బిలం_రెక్క
‘రాత్రి’ పేరెత్తావు, ఇవాళ నిద్ర పోయింది. పిల్లి!!

మొహమాటంలేదు
నిశిరాత్రి గారి వాదనకి నేనే ఒక సాక్ష్యం ఇస్తా. ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ (1974) పేరు వినగానే నెత్తురు ఏరులు అనుకుంటారు. మళ్లీ చూడండి, నెత్తురు చాలా తక్కువ. అమ్మాయిని కొక్కేనికి తగిలించే సీన్‌లో కొక్కెం దిగడం చూపించలేదు. ముందు కొక్కెం, తర్వాత అమ్మాయి ముఖం, మధ్యలోది మన బుర్ర పూరించుకుంది. పెద్దల సలహాతో పిల్లలూ చూడొచ్చనే ‘పీజీ’ సర్టిఫికెట్ వస్తుందని టోబీ హూపర్ ఆశపడ్డాడు. రాలేదు. బ్రిటన్‌లో సెన్సార్ వాళ్లు చాలా ఏళ్లు ఆపేశారు. కోద్దామంటే కోయడానికి ఫలానా షాట్ అని దొరకదు, సినిమా మొత్తం అలాగే ఉంటుంది.

నిశిరాత్రి
చూశారా!

బొమ్మలపిచ్చి
ఒక్క సినిమా దొరికిందని ఎగరకండి.

పాతరీలు
సరే, ఈ తగువు మీద అసలైన కేసు ఒకటుంది. ‘నైట్ ఆఫ్ ది డీమన్’, 1957. ‘క్యాట్ పీపుల్’ తీసిన జాక్ టర్నరే దర్శకుడు. ఎం.ఆర్. జేమ్స్ కథ. ఒక చీటీ మీద మంత్రాక్షరాలు రాసి నీకు తెలియకుండా నీ చేతికి అందిస్తే, కొద్ది రోజుల్లో భూతం వచ్చి నిన్ను తీసుకుపోతుంది. హీరో ఇవేవీ నమ్మని సైంటిస్ట్. టర్నర్, రచయిత చార్లెస్ బెన్నెట్ అనుకున్నది భూతం నిజమో భ్రమో తేలకుండా నడపాలని. నిర్మాత హాల్ చెస్టర్ ఒప్పుకోలేదు. మొదట్లోనే, మళ్లీ చివర్లో పేద్ద భూతాన్ని దగ్గరగా చూపించాడు. రచయితకైతే చచ్చేదాకా ఆ కోపం పోలేదు.

నేను రచయిత పక్షం. భూతం మొదట్లోనే కనిపించిపోవడంతో హీరో అనుమానాలన్నీ మనకి విసుగనిపిస్తాయి. ఉందని మనకి తెలుసు కదా, వాడొక్కడే వాదిస్తుంటాడు. అదే చూపించకపోతే మనమూ వాడితో పాటు ఊగిసలాడేవాళ్లం. మధ్యలో అడవిలో పొగ వెంటాడే సీన్ ఉంది, నేల మీద కనిపించని అడుగులు పడుతుంటాయి. ఆ భూతం మొత్తం కన్నా ఆ అడుగులే గొప్ప.

బొమ్మలపిచ్చి
ఆ భూతం అంటే నాకు ప్రాణం!! పొగలోంచి మెల్లగా రూపం కట్టుకుంటూ వస్తుంటే, ఆ రథచక్రం కీచుమన్న శబ్దం... మీరు చెప్పింది తలకిందులు. ఉందని మనకి తెలిసి హీరోకి తెలియకపోవడమే టెన్షన్. గడువు దగ్గర పడుతుంటే వాడు నవ్వుతూ తిరుగుతుంటాడు, మనకి ఇక్కడ ఊపిరాడదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పాలని హిచ్‌కాక్ అనేవాడు, ఇదీ అదే.

శ్రావణి_ఫ్రేమ్స్
దీనికి మధ్యస్థంగా ఒక మాట. మొదట్లో భూతం బాగుంది, దూరంగా పొగలో. చివర్లో దగ్గరగా ముఖం చూపించిన షాట్లు తీసేస్తే ఇద్దరికీ గొడవ ఉండదు.

బొమ్మలపిచ్చి
ఉంటుంది. ఆ ముఖం నా కంప్యూటర్ వాల్‌పేపర్.

అర్ధరాత్రి_ఆట
మీరంతా కల్ట్ వదిలేసి క్లాసిక్ పట్టుకున్నారు. ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ (1962) ఎవరికీ గుర్తు రాలేదా? హెర్క్ హార్వీ అనే ఆయన కాన్సాస్‌లో విద్యా, పరిశ్రమల డాక్యుమెంటరీలు తీసే కంపెనీలో పనిచేసేవాడు. ఉప్పు సరస్సు పక్కన పాడుబడ్డ సాల్టెయిర్ అనే వినోదశాల చూసి, ఇక్కడ దెయ్యాలు నాట్యం చేస్తే ఎలా ఉంటుంది అనుకున్నాడు. దాని చుట్టూ కథ రాయించాడు. ముప్పై వేల డాలర్ల పైచిలుకుతో ముగించాడు. తెల్లముఖం దెయ్యం వేషం కూడా తనే వేశాడు. ఎవరూ చూడలేదు. మళ్లీ పెద్ద సినిమా తీయలేదు. టీవీలో అర్ధరాత్రుళ్లు వేస్తూ ఉంటే మెల్లగా పిచ్చి పట్టినవాళ్లు తయారయ్యారు, 1989లో మళ్లీ థియేటర్లకి వచ్చింది. నేనూ అలా అర్ధరాత్రి సగంలో నుంచి చూసినవాడినే. పేరు తెలియక ఎంత వెతికానో! ఆ ఆర్గన్ సంగీతం మాత్రం బుర్రలోంచి పోలేదు.

అందులో ఒక షాపు సీన్ ఉంది. హీరోయిన్ మాట్లాడుతుంటే ఎవరికీ వినిపించదు, కనిపించదు. సౌండ్ మొత్తం ఆగిపోతుంది. రాక్షసి లేదు, నెత్తురు లేదు. ఆ అమ్మాయి ఒంటరితనం చాలు.

కొత్తగా_వచ్చా
ఇది ఎక్కడ దొరుకుతుంది?

అర్ధరాత్రి_ఆట
కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటుంది. కానీ మసక ప్రింట్ల జోలికి పోకండి, రీస్టోర్ చేసింది చూడండి.

పాతరీలు
కాపీరైట్ అంటే రొమెరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) బాధ గుర్తొస్తుంది. మొదట పెట్టిన పేరు వేరు. విడుదలకి ముందు పంపిణీదారు పేరు మార్చి కొత్త టైటిల్ కార్డు వేశాడు, పాత కార్డు మీదున్న కాపీరైట్ గుర్తు కొత్తదాని మీద వేయలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అది చాలు, సినిమా అందరి సొత్తు అయిపోయింది. తీసినవాళ్లకి రావలసిన డబ్బు రాలేదు. అదే కారణంగా ఎవరు పడితే వాళ్లు వేసి ఊరూవాడా తిప్పారు. జాంబీ సినిమాలన్నిటికీ తల్లి అది. కానీ ఆ సినిమాలో జాంబీ అనే మాట ఒక్కసారీ రాదు.

గబ్బిలం_రెక్క
రంగులేసిన ప్రింట్ ఒకటి ఉంది దానికి. చూడకండి. దెయ్యాలు పచ్చగా ఉంటాయి.

తూర్పుగాలి
కోర్టు చేతిలో చావబోయి బతికింది ‘నోస్ఫెరాటు’ (1922). బ్రామ్ స్టోకర్ నవలకి అనుమతి తీసుకోకుండా పేర్లు మార్చి తీశారు. ఆయన భార్య కేసు వేసి గెలిచింది, ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పు. అప్పటికే బయటికి వెళ్లిన కాపీలు కొన్ని మిగిలాయి. నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. పొద్దు పొడిస్తే రక్తపిశాచి చస్తాడనే సూత్రం ఈ సినిమాతోనే వచ్చింది.

పాతరీలు
‘ది వికర్ మ్యాన్’ (1973) కథ ఇంకా దారుణం. సొంత సంస్థే దాన్ని కోసి, ‘డోంట్ లుక్ నౌ’కి తోకగా రెండో ఆటగా వేసింది. క్రిస్టఫర్ లీ దానికి పైసా తీసుకోకుండా చేశాడు, తన సినిమాల్లో అదే ఉత్తమం అని బతికినంతకాలం చెప్పుకున్నాడు. అసలు నెగెటివ్ ఇప్పటికీ దొరకలేదు. కోయకముందు అమెరికాలో రోజర్ కోర్మన్ అనే నిర్మాతకి పంపిన ప్రింట్ ఒకటి ఉండబట్టి చాలావరకు తిరిగి కూర్చగలిగారు. పాటలు, పూలు, ఎండ, నవ్వే జనం. చీకటి దాదాపు లేని హారర్ అది.

కొత్తగా_వచ్చా
ఇన్ని పేర్లు చెప్పారు, తల తిరుగుతోంది. ఒక్కటి చెప్పండి. ఈ ఆదివారానికి. నిద్ర రాకూడదు.

నిశిరాత్రి
‘ది ఇన్నోసెంట్స్’.

బొమ్మలపిచ్చి
‘ది థింగ్’. వేరే ఆలోచన వద్దు.

సౌండు_సుబ్బు
‘హాలోవీన్’, హెడ్‌ఫోన్స్‌తో.

మొహమాటంలేదు
ఒక్కటి అంటే మూడు చెప్పారు. వీళ్లని అడిగితే అంతే. చర్చంతా దేని మీద నడిచిందో అదే చూడండి, ‘నైట్ ఆఫ్ ది డీమన్’. చూసొచ్చి భూతం ఉండాలో పోవాలో తీర్పు చెప్పండి. ఇక్కడివాళ్లంతా పక్షపాతులు, మీరొక్కరే తటస్థులు.

బొమ్మలపిచ్చి
ఒప్పుకుంటున్నా. తీర్పు కొత్తవారిదే.

నిశిరాత్రి
నేనూ ఒప్పుకుంటున్నా. లైట్లు ఆర్పాలి, ఫోన్ వేరే గదిలో పెట్టాలి. ఈ రెండు షరతులు.

కొత్తగా_వచ్చా
సరే. వెతికితే రెండు పేర్లతో కనిపిస్తోంది, ‘కర్స్ ఆఫ్ ది డీమన్’ అని కూడా ఉంది. రెండూ ఒకటేనా?

పాతరీలు
ఒకటే సినిమా. ‘కర్స్’ అనేది అమెరికాలో పెట్టిన పేరు, అక్కడ పది నిమిషాలకు పైగా కోసేశారు. నిడివి చూసి తీసుకోండి. 96 నిమిషాల దగ్గర ఉంటే అది పూర్తి బ్రిటిష్ ప్రింట్, అదే చూడండి. భూతం రెండింట్లోనూ ఉంటుంది, బొమ్మలపిచ్చి గారు కంగారు పడక్కర్లేదు.